ఊదితే నవ్విన బాతు

సూది మామ పెన్ డ్రైవ్‌ను ఊదకుండా మిషన్‌లో పెట్టడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. మిషన్ పక్కనున్న కన్నంలోంచి దాన్ని లాగుతాడు. పెదాల దగ్గర పెట్టుకుని ఉఫ్ అని ఒక్కసారి ఊదుతాడు. మళ్ళీ పెడతాడు. పద్నాలుగేళ్ళుగా అంతే. ఎందుకయ్యా అని అడిగితే "దుమ్ము" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు. ఆయన నోట్లోంచి రెండో మాట రావాలంటే మొదటి మాట అరిగిపోవాలి.

అది పన్నెండు సూదుల ఎంబ్రాయిడరీ మిషన్. మేడ మెట్ల పక్కన కింది గదిలో ఉంటుంది. కోట్ల మీద పేర్లు, చొక్కా జేబుల మీద గుర్తులు, టోపీల మీద బొమ్మలు కుడుతుంది. మామకు దారం తెలుసు, సూది తెలుసు, ఏ బట్ట ఎటు లాగుతుందో తెలుసు. బొమ్మ మాత్రం ఒక్కటీ గీయలేడు. గీసేది ఆయన భార్య. మూడో అంతస్తులో కిటికీ పక్కన కంప్యూటర్ ముందు కూర్చుని, ఏ కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో, ఏ రంగు ముందు ఏ రంగు వెనక రావాలో ఆవిడే తేలుస్తుంది. వీధిలో ఆవిణ్ణి బొమ్మలమ్మ అంటారు.

ఇదివరకు ఆవిడే పెన్ డ్రైవ్ పట్టుకుని దిగివచ్చేది. మొదటి ముక్క కుట్టేదాకా మిషన్ పక్కనే నిలబడి, "ఇదిగో ఇక్కడ బట్ట ముడుచుకుంటోంది చూడండి" అని గొణిగి, పైకి పోయి సరిచేసి, మళ్ళీ దిగేది. నాలుగు నెలల కిందట ఎవరో మెట్లు సబ్బునీళ్ళతో కడిగి ఆరకముందే వదిలేశారు. బొమ్మలమ్మ రెండో అంతస్తు దగ్గర జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇనుప పలక బిగించారు. ఏడాదిపాటు మెట్ల పేరెత్తొద్దన్నారు.

అప్పటినుంచీ పెన్ డ్రైవ్ మోసేది మామే. అరవై రెండు మెట్లు. బొమ్మకు నాలుగైదు సార్లు, రోజుకు పది పన్నెండు సార్లు. మోకాళ్ళు ఆయన కంటే ఎక్కువ మాట్లాడటం మొదలుపెట్టాయి. లాగి పెట్టీ లాగి పెట్టీ మిషన్ కన్నం కూడా వదులైపోయింది. పెన్ డ్రైవ్ అందులో ఊడిపోబోయే పన్నులా ఊగుతోంది.

అది కాదు అసలు బాధ. ఆపరేషన్ తర్వాత బొమ్మలమ్మకు మతిమరుపు వచ్చింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. పొయ్యి వెలిగించి మర్చిపోయింది. సొంత చెల్లెల్ని పట్టుకుని అమ్మ పేరుతో పిలిచింది. మత్తుమందు వల్ల అలా ఉంటుంది, మెల్లగా పోతుంది అని డాక్టరు చెప్పాడు. ఆవిడ నమ్మలేదు.

"తుంటి ఒక్కటే కాదండీ, బుర్ర కూడా విరిగింది. దానికి పలక వెయ్యలేదు వాళ్ళు" అంది ఒకసారి. నవ్వించడానికే అంది. ఎవరూ నవ్వలేదు.

అయినా గీయడం మాత్రం మానలేదు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆవిడ పాత మనిషే. అది మామకు తెలుసు. ఆ కుర్చీ ఖాళీ అయితే ఆవిడ ఏమైపోతుందో కూడా తెలుసు. చెప్పడం చేతకాక అరవై రెండు మెట్లూ ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు.

చూసి చూసి ఒళ్ళు మండింది మరదలికి. మరదలంటే బొమ్మలమ్మ చెల్లెలు. వీధి మొదట్లో ఫోన్లు బాగుచేసే కొట్టు ఆమెది. యాభై దాటాయి. కళ్ళజోడు ఎప్పుడూ నెత్తి మీద ఉంటుంది, చేతులకు ఎప్పుడూ టంకం వాసన ఉంటుంది. అక్కా బావల వంతు మాటలు కూడా తనే మాట్లాడుతుంది.

మంగళవారం పొద్దున్నే వచ్చి మిషన్ మీద ఒక ముక్క పెట్టింది. ఆకుపచ్చ రంగు, బొటనవేలంత వెడల్పు, చూపుడువేలంత పొడవు.

"ఏంటిది?" అన్నాడు మామ.

"కంప్యూటర్."

మామ దాన్ని చూశాడు. తర్వాత మరదల్ని చూశాడు.

"నీ మీద ఒట్టు బావా, కంప్యూటరే. కాకపోతే మన మిషన్ ముందు పెన్ డ్రైవ్ వేషం కడుతుంది. అక్క పైన గీసి అక్కణ్ణుంచే వైఫైలో పంపితే బొమ్మ ఇందులో పడుతుంది. మిషన్ మాత్రం, ఓహో ఎవరో పెన్ డ్రైవ్ పెట్టారు కాబోలు అనుకుంటుంది. నువ్వు మెట్లెక్కక్కర్లేదు."

"మిషన్‌ని మోసం చేస్తావా?"

"మోసం కాదు, నాటకం."

మామ మిషన్ కన్నం వంక చూశాడు. "పీకక్కర్లేదా?"

"పీకావో, నీకూ నాకూ చెల్లు. ఆ కన్నం ఇంకో నెల బతకాలంటే దాని మీద చెయ్యి వెయ్యకు."

"ఊదక్కర్లేదా?"

"అదేమైనా వేడి పాలా ఊదడానికి? ఊదాలనిపిస్తే దూరంగా నిలబడి ఊదుకో."

నాటకం మొదట్లోనే రక్తి కట్టలేదు. బోర్డు మీద చిన్న దీపం వెలిగింది గానీ మిషన్‌లో ఉలుకూ పలుకూ లేదు. చూస్తే ఆ బోర్డుకు ఒకేలాంటి కన్నాలు రెండున్నాయి. ఒకటి కరెంటుకు మాత్రమే, రెండోది మాటలకు కూడా. వైరు మొదటిదాంట్లో పెట్టింది మరదలు. మార్చింది. అయినా పలకలేదు. గంటసేపు తల బద్దలుకొట్టుకున్నాక తేలిందేమిటంటే, ఆమె తెచ్చిన వైరు ఫోను ఛార్జింగుది. లోపల కరెంటు తీగలున్నాయి తప్ప మాటలు మోసే తీగలు లేవు.

"ఈ సంగతి నా కొట్టుకొచ్చే వాళ్ళెవరికీ చెప్పకు బావా. పరువు పోతుంది."

"నేనా చెప్పేది?" అన్నాడు మామ.

అది నిజమే కాబట్టి మరదలు ఊరుకుంది. వైరు మార్చాక మిషన్ ఏదో కనబడిందన్నట్టు ఒకసారి మిణుకుమని మళ్ళీ మొండికేసింది. పాత మిషన్ కదా, పెద్ద పెన్ డ్రైవ్ అంటే దానికి అరగదు. మరదలు బోర్డు వేషాన్ని తగ్గించి, చాలా చిన్న పెన్ డ్రైవ్‌లా కనిపించేట్టు చేసింది. అప్పుడు మిషన్ తెర మీద వరుసగా పేర్లు వచ్చాయి. అందులో మూడోది బాతు. మరదలు చప్పట్లు కొట్టింది. బోర్డును మిషన్ పక్కకు రెండువైపులా జిగురుండే టేపుతో అతికించింది. ఆ టేపు మీద సూది మామ ఇంకో టేపు అతికించాడు. ఆయన మెచ్చుకోవడం అలా ఉంటుంది.

ఆ బాతు ఈత టీచరుది. పిల్లలకు ఈత నేర్పే ఆవిడ. పిల్లల తువ్వాళ్ళ మీద కుట్టించాలని బాతు బొమ్మ అడిగింది. బుధవారం మొదటి ముక్క చూడటానికి వచ్చింది. పొడుగ్గా ఉంటుంది, గొంతు ఖంగుమంటుంది. ముక్క చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది.

"మామగారూ, ఇది ఏడుస్తోందేంటండీ?"

మామ చూశాడు. నిజమే. కంటిలో మెరుపు కోసమని బొమ్మలమ్మ పెట్టిన తెల్లచుక్క, కుట్టేసరికి కంటి అంచు దాటి కిందికి జారింది. అచ్చం కన్నీటి బొట్టు.

"నా దగ్గరికొచ్చే పిల్లలు నీళ్ళు చూడగానే గుక్కపట్టి ఏడుస్తారు. తువ్వాలు మీద బాతు కూడా ఏడిస్తే ఇక నీళ్ళలోకి దిగేదెవరండీ? రేపు నాలుక్కొస్తాను. దాని ఏడుపు మాన్పించండి. కుదరకపోతే చెప్పెయ్యండి, ఇంకోచోట చూసుకుంటాను. ఏమీ అనుకోకండి."

మామ ఫోన్‌లో చెబితే బొమ్మలమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. "చుక్క పైకి జరిపితే సరి. ఎంతసేపు!" అంది.

గురువారం పొద్దున తొమ్మిదింటికి చుక్క పైకి జరిపి, అదే పేరుతో బాతును పంపింది. ఫోన్ చేసి, "వచ్చిందా?" అని అడిగింది. మామ తెర మీద చూశాడు. బాతు ఉంది. వచ్చిందన్నాడు. చట్రంలో తువ్వాలు ముక్క బిగించి, కింద కాగితం పెట్టి, మీట నొక్కాడు. పసుపు కుట్టింది, నారింజ కుట్టింది, నలుపు కుట్టింది, చివర్లో తెల్లదారం వచ్చి టకటకమని చుక్క పెట్టింది.

కంటి కింద పెట్టింది.

మామ ఫోన్ చేశాడు. "ఏడుస్తోంది."

"అదేంటి, జరిపానే!" పైన మౌస్ చప్పుళ్ళు వినబడ్డాయి. "నా తెర మీద పైనే ఉంది. ఆగండి, ఈసారి చుక్కని సగానికి తగ్గిస్తా."

రెండో బాతు కూడా ఏడ్చింది. చుక్క చిన్నదైనా కాలేదు.

"ఇక ఈ పీడే వద్దు. చుక్క మొత్తం తీసేస్తున్నా" అంది బొమ్మలమ్మ. గొంతులో నవ్వు లేదు.

పదకొండున్నరకు మూడో బాతు దిగింది. నలుపు అయిపోగానే మామ తెల్లదారం సూది వైపు వంగాడు. మిషన్ మాత్రం ఏ మొహమాటమూ లేకుండా తెల్లదారం అందుకుని, తీసేసిన చుక్కని తీసేసిన చోటే శుభ్రంగా కుట్టింది.

ఈ మాట ఫోన్‌లో చెప్పలేకపోయాడు. మూడు ముక్కలూ జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు.

బొమ్మలమ్మ మూడింటినీ ఒడిలో వరసగా పరుచుకుంది. చుక్కని వేలితో తడిమింది.

"తీశాననుకున్నానండీ. తీసినట్టు నాకు బాగా గుర్తు. తెర మీద చూస్తే లేదు, గుడ్డ మీద చూస్తే ఉంది. అంటే నేను చూసేది కూడా నిజం కాదన్నమాట."

"మిషన్‌లో ఏదో..."

"మిషన్‌కేం రోగం? అది చెప్పింది చేస్తుంది. నాలాగా కాదు." మౌస్‌ను పక్కకు నెట్టింది. కుర్చీని మెల్లగా కంప్యూటర్‌కు వీపుపెట్టి తిప్పుకుంది. "ఆ టీచరుకి కుదరదని చెప్పెయ్యండి. ఇకనుంచి బొమ్మలు బయట ఎవరిచేతనైనా గీయించుకోండి. చెల్లి ఇంత కష్టపడి అతికించింది, పాపం. దాన్నొచ్చి పీక్కుపొమ్మనండి."

మామ మూడు బాతుల్నీ ఏరుకుని జేబులో పెట్టుకుని దిగివచ్చాడు. ఆ మెట్లు ఎక్కడమే కష్టమనుకున్నాడు ఇన్నాళ్ళూ.

మరదలికి ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు. "రా."

ఆయన అంతటి మనిషి తనంతట తానే ఫోన్ చేశాడంటే కొంప అంటుకుందనుకుని, ఎవరిదో ఫోను విప్పింది విప్పినట్టే వదిలి పరిగెత్తుకొచ్చింది మరదలు. మూడు బాతుల్నీ చూసింది. అక్క అన్న మాట విన్నాక కళ్ళజోడు నెత్తి మీంచి ముక్కు మీదికి దింపింది. అది దిగిందంటే ఇక వేళాకోళం లేనట్టు.

ముందు వైరు చూసింది. బాగానే ఉంది. వైఫై చూసింది. బాగానే ఉంది. తన లాప్‌టాప్‌ను బోర్డుతో కలిపి, లోపల ఏ బొమ్మ ఎన్నింటికి వచ్చిందో చూసింది. బాతు చివరిసారి వచ్చింది పదకొండున్నరకు. ఆ బాతును తెరిచి తెర మీద పెద్దది చేసింది. కన్ను నల్లగా, గుండ్రంగా ఉంది. చుక్క లేదు.

మరదలు కుర్చీలో వెనక్కి వాలింది. వెంటనే పైకి ఫోన్ చేసి, మామకు కూడా వినబడేలా బల్ల మీద పెట్టింది.

"అక్కా, నువ్వు పంపిన బాతు ఇక్కడ తెరిచి చూస్తున్నా. చుక్క లేదు. నువ్వు తీసేశావు."

మరదలు ఫోన్ మీదికి వంగింది.

"వింటున్నావా? నీ బుర్ర బాగానే ఉంది. తేడా ఇక్కడే ఎక్కడో ఉంది."

"నన్ను ఓదార్చడానికి చెబుతున్నావా?"

"పుట్టి బుద్ధెరిగాక నేను నిన్ను ఎప్పుడైనా ఓదార్చానా?"

బొమ్మలమ్మ ఆలోచించినట్టుంది. "లేదు" అంది.

"మరి! ఫోన్ పెట్టెయ్యకు, అలాగే ఉంచు."

బోర్డులో చుక్క లేని బాతు ఉంది. గుడ్డ మీద చుక్క ఉన్న బాతు ఉంది. మధ్యలో ఉన్నది మిషన్ ఒక్కటే. దీనికి ఆ పాత బాతు ఎక్కణ్ణుంచి వచ్చింది? మరదలు గోళ్ళు కొరుక్కుంది. బోర్డును తిట్టింది, మిషన్‌ను తిట్టింది, తనను తిట్టుకుంది. మధ్యలో అటూ ఇటూ తిరుగుతున్న బావను కూడా తిట్టింది. "కాలు కాలిన పిల్లిలా తిరక్కపోతే ఒకచోట కూర్చోవచ్చుగా! మంగళవారం బాగా పనిచేసింది కదా ఇది. వైరు మార్చాక బాతు చక్కగా కనబడింది. ఇవాళ ఏం మారింది? చెప్పు, ఏం మారింది?"

ఆమె అడిగింది గోడను. జవాబు చెప్పింది మామ.

"ఊదలేదు."

"ఏంటి?"

"పద్నాలుగేళ్ళుగా బొమ్మ మారినప్పుడల్లా ఊదాను. ఇవాళ ఊదలేదు."

మరదలు పగలబడి నవ్వింది. "అబ్బ బావా, నీ ఊదుడు..." అని మొదలుపెట్టి, సగంలో ఆగిపోయింది. నోరు అలాగే తెరుచుకుని ఉంది. కళ్ళు మాత్రం ఎక్కడో ఉన్నాయి.

"ఊదేముందు ఏం చేసేవాడివి?"

"పీకేవాణ్ణి."

"ఊదాక?"

"పెట్టేవాణ్ణి."

"మొన్న మొదటి బాతును నేను బోర్డులో వేసింది మిషన్‌కి తగిలించక ముందు! ఇవాళ అక్క పంపిన మూడూ తగిలించి ఉండగా పడ్డవి!" మరదలు లేచి నిలబడింది. "బావా, నీ కాళ్ళకు మొక్కాలి. ఈ మిషన్ ఏదైనా పెట్టగానే ఒక్కసారి లోపలికి తొంగిచూసి, ఉన్నదంతా బుర్రలో పెట్టుకుంటుంది. ఆ తర్వాత మళ్ళీ చూడదు. ఎందుకు చూడాలి? పెట్టిన పెన్ డ్రైవ్‌లో సరుకు దానంతటది మారుతుందని దానికెవరు చెప్పారు? ఎప్పుడూ నువ్వు పీకావు, పెట్టావు. పీకొద్దని నేనే నీ చేతులు కట్టేశాను!"

బల్ల మీది ఫోన్‌లోంచి బొమ్మలమ్మ గొంతు వచ్చింది. "అంటే మతిమరుపు నాకు కాదా?"

"నీకు కాదే తల్లీ, దానికి! కాదు కాదు, అది మర్చిపోకపోవడమే దాని జబ్బు. ఒకసారి చూసిన బాతును పట్టుకుని వేలాడుతోంది. బావా, పీకు."

మామ కదల్లేదు. "పీకితే చెల్లన్నావు."

"నా మాట నేనే వెనక్కి తీసుకుంటున్నా, పీకు మహానుభావా!"

మామ వైరు పట్టుకుని మెల్లగా లాగాడు. కొసను పెదాల దగ్గర పెట్టుకున్నాడు. మరదలి వంక చూశాడు. ఆమె ఊదమన్నట్టు చెయ్యి ఊపింది. ఉఫ్ అని ఊది, మళ్ళీ పెట్టాడు.

మిషన్ తెర మీద పేర్లన్నీ మాయమయ్యాయి. ఏమీ లేదంది మిషన్.

మామ మళ్ళీ వైరు లాగబోయాడు. మరదలు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కంగారుపడకు. కరెంటు పోయిందిగా, బోర్డు నిద్ర లేవాలి. అర నిమిషం పడుతుంది." ఇద్దరూ కళ్ళు ఆర్పకుండా నిలబడ్డారు. పేర్లు వచ్చాయి. బాతు వచ్చింది. కుట్టారు. నలుపు దారం కన్ను కుట్టి ఆగింది. మిషన్ ఇక ఏ దారమూ అందుకోలేదు. అయిపోయిందన్నట్టు కూత పెట్టింది.

"ఏమైంది?" అంది ఫోన్.

"ఏడవడం లేదు" అన్నాడు మామ. ఆయన గొంతే కాస్త తేడాగా ఉంది.

అప్పటికి రెండు గంటలు. మిగిలింది ఒకటే పని. బొమ్మ మారినప్పుడల్లా వైరు పీకుతూ కూర్చుంటే ఆ కన్నం వారం రోజులు కూడా ఆగదు. చెయ్యి తగలకుండా బోర్డే తనను తాను పీకేసుకున్నట్టు నటించాలి, మళ్ళీ పెట్టినట్టు నటించాలి. మరదలు లాప్‌టాప్ మీద వంగింది. బోర్డుకు నాలుగు ముక్కల్లో ఆజ్ఞ రాసింది. దానికేదో పేరు పెట్టాలి. ఇంగ్లీషు అక్షరాలు నాలుగు కొట్టి, "ఊదు అని పెట్టా" అంది.

పైన బొమ్మలమ్మ తెర మీద ఊదు అని కొత్త గుర్తు వచ్చింది. "బాతును మళ్ళీ పంపి, తర్వాత ఆ గుర్తు నొక్కు" అంది చెల్లెలు. ఆవిడ నొక్కింది. కింద మిషన్ తెర ఒకసారి ఖాళీ అయి, మళ్ళీ నిండింది. నిండింది గానీ బాతు లేదు. దాని చోట గీతలు, చుక్కలు, గడులు. ఎవరో తెర మీద గుప్పెడు గుండుసూదులు చల్లినట్టుంది.

"మళ్ళీ నేనే ఏదో చేశానా?" అంది బొమ్మలమ్మ.

"నువ్వు కాదక్కా, నేనే. కానీ ఏం చేశానో అంతుపట్టడం లేదు. ఫైల్ పంపాం. పీకినట్టు నటించాం. పెట్టినట్టు నటించాం. బావ చేసేది అదేగా?"

"కాదు" అన్నాడు మామ.

మరదలు తలెత్తింది.

మామకు ఇన్ని మాటలు ఒకేసారి చెప్పడం అలవాటు లేదు. వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "ముందు పీకుతా. పైకి పట్టుకెళ్తా. అప్పుడు మీ అక్క మారుస్తుంది. తెచ్చి పెడతా. పెట్టి ఉండగా ఎప్పుడూ మార్చలేదు. ఎలా మారుస్తాం? అది కిందుంటుంది, మీ అక్క పైనుంటుంది."

మరదలు ఆయన మడిచిన వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత నుదురు కొట్టుకుంది. "మిషన్ కూడా అందులో తన రాతేదో రాసుకుంటుంది. అది రాస్తుండగా మనమూ రాశాం. ఒకే పలక మీద ఇద్దరు రాస్తే ఇంకేముంటుంది, ఇదిగో, ఈ గుండుసూదులే. పీకిన తర్వాత మార్చాలి! మెట్లెక్కడం కూడా ఉందన్నమాట ఇందులో!"

"ఉంది" అన్నాడు మామ. "అరవై రెండు."

పాడైన ఆ పెన్ డ్రైవ్ వేషాన్ని తుడిచేసి, కొత్తది తయారుచేసింది మరదలు. ఆజ్ఞ వరుస మార్చింది. అక్క పంపిన బొమ్మ ముందు బోర్డులో ఓ మూల కూర్చుంటుంది. ఊదు నొక్కాకే బోర్డు మిషన్‌ను వదిలిపెడుతుంది. బొమ్మను లోపల పెడుతుంది. తలుపు మూసుకుందని నిర్ధారించుకుంటుంది. అప్పుడు మళ్ళీ మిషన్ చెయ్యి పట్టుకుంటుంది. ఒక్కో వరస రాసేటప్పుడు, "ఇంతేనా బావా?" అని అడిగింది. ఆయన ఊఁ అన్నాడు. పద్నాలుగేళ్ళ పని నాలుగు వరసల్లో పట్టింది.

మూడున్నరకు బొమ్మలమ్మ నొక్కింది. మిషన్ తెర ఖాళీ అయింది, నిండింది. బాతు వచ్చింది, శుభ్రంగా వచ్చింది. మరదలు గట్టిగా ఊపిరి వదిలింది. అది ఊదినట్టే ఉంది.

సరిగ్గా నాలుగింటికి ఈత టీచరు వచ్చింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. ముక్కను కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. దగ్గరగా చూసింది, దూరంగా పెట్టి చూసింది.

"ఏడుపు మానింది" అంది. మామ తల ఊపాడు. "మానింది గానీ, మామగారూ, నవ్వడం కూడా లేదు. ఎవరో తిడితే ఏడుపు ఆపుకుని కూర్చున్న పిల్లలా బిక్కమొహం వేసుకుంది."

మామ ముక్కను చూశాడు. చుక్క మొత్తం తీసేశారు కదా, కంట్లో మెరుపు పోయింది. ఆవిడన్నది నిజమే. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ మిషన్ పక్కకు పోయింది, పెన్ డ్రైవ్ లాగడానికి. వేళ్ళకు టేపు తగిలింది. ఏం చెయ్యాలో తోచక, మెట్లవైపు తిరిగాడు.

"ఎక్కడికండీ?" అంది బల్ల మీది ఫోన్.

మధ్యాహ్నం నుంచీ తెరిచి ఉన్న ఆ ఫోన్ సంగతి అందరూ మర్చిపోయారు. ఈత టీచరు ఉలిక్కిపడి వెనక్కి చూసింది.

"టీచరుగారూ, మీరన్నది విన్నాను. చుక్కని తీసెయ్యడం నాదే తొందర. అది కంటి లోపల, పైన ఉండాలి. ముక్కు కూడా ఒకవైపు కాస్త పైకి లేవాలి, అదే నవ్వు. అయిదు నిమిషాలు కూర్చోండి. ఏమండీ, ఆ తువ్వాలు గుడ్డకి నూగు ఎక్కువ. అందుకే మొదట చుక్క కిందికి జారింది. ఈసారి పైన పల్చటి కాగితం కూడా వెయ్యండి. ఎన్నిసార్లు చెప్పాలి మీకు!"

మామ నాలుగు నెలలుగా ఆ తిట్టు వినలేదు. పల్చటి కాగితం వెతకడానికి అటు తిరిగి, కాగితం దొరికాక కూడా కాసేపు అటే తిరిగి ఉన్నాడు. మరదలు అది చూసింది. కళ్ళజోడు మళ్ళీ నెత్తి మీదికి నెట్టుకుంది.

అయిదు నిమిషాలన్నది ఎనిమిదయింది. "పంపాను. ఊదుతున్నా" అంది ఫోన్.

"ఏం ఊదుతున్నారు?" అని అడిగింది ఈత టీచరు.

"అది మా ఇంటి విద్య లెండి" అంది మరదలు.

తెర ఖాళీ అయింది. మామ మీట దగ్గర వేలు పెట్టుకుని నిలబడ్డాడు. తెర నిండింది. నొక్కాడు. పసుపు, నారింజ, నలుపు. చివర్లో తెల్లదారం వచ్చి, కంటి లోపల పైమూలన టకటకమని నాలుగు కుట్లు వేసి ఆగింది.

చట్రం విప్పి, పైకాగితం చింపి, కొస దారాలు కత్తిరించాడు మామ. గుడ్డ మీద సన్నటి పీచు మిగిలింది. ఉఫ్ అని ఊదాడు.

ఈత టీచరు చేతికిచ్చాడు. ఆమె చూసింది. బాతు ముక్కు ఒకవైపు లేచినట్టే, ఆమె పెదవి కూడా ఒకవైపు లేచింది.

"ఎలా ఉందండీ?" అంది పైనుంచి బొమ్మలమ్మ, ఓపిక పట్టలేక.

"నీళ్ళలోకి దూకేలా ఉందమ్మా" అంది టీచరు. "ఇదే ఖాయం చెయ్యండి. పెద్ద పిల్లల తువ్వాళ్ళకి చేప కావాలి. అది కూడా మీరే గీస్తారుగా?"

గదిలో ముగ్గురూ ఫోన్ వంక చూశారు. పైన కుర్చీ చక్రాలు నేల మీద గరగరమని కదిలిన చప్పుడు వినబడింది. కంప్యూటర్ వైపుకే.

"ఎలాంటి చేప?" అంది బొమ్మలమ్మ.